మోకాలు చెప్పిన వాన

మా అక్క మోకాలి మీద నేను రెండేళ్లు లెక్క రాశాను. తేదీ, వేళ, గాలి ఒత్తిడి, తేమ, ఆ పొద్దున మోకాలు వాన చెప్పిందా లేదా, మర్నాటి పొద్దుటి లోపల వాన పడిందా లేదా. ఒక్క రోజు కూడా ఎగ్గొట్టలేదు. ఒక్క అంకె కూడా తప్పు రాయలేదు. ఆ పుస్తకాన్ని చదవాల్సిన తీరులో చదివి ఉంటే అక్క ఈ రోజు ఆ మంచం మీద ఉండేది కాదు. ఈ మాట ఎవరైనా నా మొహాన అంటారేమోనని ఇన్నాళ్లూ ఎదురు చూశాను. ఎవరూ అనడం లేదు. అందుకని నేనే చెప్పుకుంటున్నాను.

నా ఉద్యోగం వాతావరణ కేంద్రంలో. కేంద్రం అనగానే పెద్దగా ఊహించుకోకండి. ఒక గది, దాని వెనక కంచె వేసిన కాస్త జాగా. ఆ జాగాలో నాలుగు కాళ్ల మీద నిలబెట్టిన తెల్ల చెక్క పెట్టె. గాలి ఆడాలి, ఎండ మాత్రం లోపలికి రాకూడదు కాబట్టి దాని గోడలకు చెక్క పలకలు ఏటవాలుగా బిగించి ఉంటాయి. లోపల రెండు థర్మామీటర్లు. ఒకటి మామూలుది. రెండోదాని బుడ్డికి తడిగుడ్డ చుట్టి ఉంటుంది. గాలి పొడిగా ఉంటే ఆ తడి త్వరత్వరగా ఆరుతుంది, దాంతో రెండో థర్మామీటరు చల్లబడుతుంది. గాలి నిండా తేమ ఉంటే తడి ఆరదు, రెండూ ఇంచుమించు ఒకే అంకె చూపిస్తాయి. ఆ తేడాని బట్టి తేమ ఎంతో లెక్క కడతాం. గది గోడకు గాలి ఒత్తిడి చూపించే పాదరసం గొట్టం, బయట వాన కొలిచే డబ్బా. పొద్దున ఒకసారి, సాయంత్రం ఒకసారి ఇవన్నీ చూసి పై ఆఫీసుకు ఫోన్లో అంకెలు చదవడం నా పని. ఇరవై రెండేళ్లుగా అదే చేస్తున్నాను. నాకు ముక్కు మీద కోపం. అందులోనూ వాన గురించి ఎవరైనా నోటికొచ్చినట్టు మాట్లాడితే ఆగలేను.

అక్కా బావా రెండు వీధుల అవతల నూలుకు రంగులు వేస్తారు. ఇంటి వెనక వరసగా పొయ్యిలు, వాటి మీద రంగు తొట్టెలు. ఉడికిన నూలు కట్టల్ని పిండి, వెదురు గడలకు తొడిగి ఆరుబయట ఆరబెడతారు. సగం ఆరిన నూలు మీద నాలుగు చినుకులు పడ్డాయంటే చాలు, రంగు కారి మచ్చలు తేలతాయి, ఆ కట్టలు ఇక ఎందుకూ పనికిరావు. ఆ వీధిలో అందరిదీ ఇదే పని. పొద్దున్నే పొయ్యి వెలిగించాలా వద్దా అన్నది అందరికీ రోజూ తేల్చుకోవాల్సిన ప్రశ్న. జవాబు చెప్పేది మా అక్క కుడి మోకాలు.

అక్క తన పన్నెండేళ్లప్పుడు మూడేళ్ల నన్ను చంకనేసుకుని మెట్లు దిగుతూ జారిపడింది. నాకు గీత కూడా పడలేదట. అక్క మోకాలు మాత్రం వాచి నెల రోజులు దిగలేదు. అప్పట్నుంచి వాన వచ్చే ముందు ఆ మోకాలు సలుపుతుంది. వీధిలో ఆమెను పేరు పెట్టి పిలిచేవాళ్లు లేరు. అందరికీ మోకాలక్క. తెల్లారేసరికి గోడ అవతల నుంచి కేక వినిపించేది.

"మోకాలక్కా, ఏమంటోంది?"

"నోరు మెదపడం లేదు. వెలిగించుకోండి!"

నన్ను చూస్తే అక్కకు మరీ హుషారు. "నీ పెట్టెకు కంచె కట్టారు, రంగు వేశారు, నిన్ను కాపలా పెట్టారు. నా మోకాలికి కాస్త నూనె రాసేవాడు కూడా లేడు. చూడు మరి, ఎవరి మాట నిలబడుతుందో!" అనేది.

ఒక పొద్దున మా ఆఫీసు వాన లేదంది. అక్క మోకాలు ఉందంది. నేను వీధిలో నిలబడి, పొయ్యిలు వెలిగించుకోండని అందరికీ చెప్పాను. మధ్యాహ్నం కుండపోత. తడిసిన నూలును లోపలికి మోస్తూ వీధి వీధంతా నన్నే చూసింది. పక్కింటి రంగులాయన, "మాస్టారూ, మీ పెట్టెకు ఓ మోకాలు పెట్టించండి," అన్నాడు. నాకు అరికాలి మంట నెత్తికెక్కింది. ఆ సాయంత్రమే వెళ్లి గట్టి అట్ట ఉన్న పుస్తకం కొన్నాను. వాన గురించి జనం చెప్పుకునే మాటలన్నీ ఒక్కొక్కటీ పరీక్ష పెట్టి, ఏది నిజమో ఏది ఉత్తదో తేల్చి పారేద్దామని.

మొదటి ఏడాది నా పంతం అంత తేలిగ్గా నెగ్గలేదు. చంద్రుడి చుట్టూ వరదగుడి కడితే వాన అంటారు కదా. నిజమే. చాలా ఎత్తున పలచటి మబ్బు పరుచుకుంటే అందులోని మంచు పలుకులు వెలుగును వంచి ఆ వలయం చూపిస్తాయి. అలాంటి మబ్బు తరచు పెద్ద వానకు ముందు నడుస్తుంది. తూనీగలు కిందుగా తిరిగితే వాన అన్నది సగం నిజం. గాలిలో తేమ పెరిగిన రోజున చిన్న పురుగులు నేలకు దగ్గరగా ఎగురుతాయి, వాటి కోసం తూనీగలూ దిగుతాయి. కానీ ఊరికే దిగిన రోజులు కూడా బోలెడు. ఉప్పు చెమ్మగిల్లడం తేమకు గుర్తు, అంతవరకే. చీమలు గుడ్లు మోసుకుపోవడం మాత్రం నా లెక్కలో ఎటూ తేలలేదు.

ఇక మోకాలు. ఆ ఏడాది అరవై నాలుగు సార్లు వాన చెప్పింది. నలభై ఆరు సార్లు పడింది. చెప్పకుండా పడిన వానలు పదకొండే. నోరెళ్లబెట్టాను. వాన మబ్బు దగ్గరపడే ముందు గాలి ఒత్తిడి తగ్గుతుంది. పైనుంచి నొక్కే గాలి కాస్త సడలితే దెబ్బతిన్న కీలు చుట్టూ కండ కొంచెం ఉబ్బుతుందనీ, అందుకే సలుపనీ కొందరు డాక్టర్లంటారు. కొందరు అదేం లేదంటారు. ఏదైతేనేం, పాదరసం దిగిన రోజులూ అక్క మోకాలు మాట్లాడిన రోజులూ పక్కపక్కనే నిలబడ్డాయి.

"అయితే నా మోకాలు పాసయిందంటావ్," అంది అక్క.

"అయింది. మొదటి తరగతి కూడా వచ్చింది."

ఆ రోజు వీధిలో అందరికీ చెప్పుకుంది.

రెండో ఏడు వానలు వెనకబట్టాక మోకాలు గాడి తప్పింది. ఆకాశం కడిగి ఆరబెట్టినట్టు ఉంది. పాదరసం కదలడం లేదు. నా రెండు థర్మామీటర్ల మధ్య తేడా పది డిగ్రీలు దాటుతోంది, అంటే గాలిలో చెమ్మే లేదు. అక్క మాత్రం రోజూ, "వాన ఉందిరా, గట్టిగా చెబుతోంది," అనేది. బావ మొదట్లో నమ్మి పొయ్యిలు వెలిగించలేదు. పక్కింటివాళ్లు కూడా ఆగారు. వారం గడిచింది, పది రోజులు గడిచాయి. చినుకు లేదు. ఎండలో ఖాళీ వెదురు గడలు వరసగా నిలబడి ఉన్నాయి. బావకు విసుగొచ్చింది.

"మీ అక్క మోకాలికి మతి పోయిందోయ్ బావమరిదీ," అన్నాడు నాతో, అక్క వినేట్టుగా.

నేను పుస్తకంలో, చెప్పి తప్పిన ప్రతి రోజుకీ ఎర్ర సిరాతో సున్నా చుట్టేవాణ్ని. మూడు నెలల్లో డెబ్భై ఒక్కసార్లు వాన చెప్పింది. తొమ్మిదిసార్లు పడింది. పేజీల నిండా ఎర్ర సున్నాలే. నిజం దాచడం దేనికి, నాకు లోలోపల సంతోషంగానే ఉంది. నిరుటిది గాలివాటం, ఇప్పుడు అసలు రంగు బయటపడింది అనుకున్నాను. మోకాలు ఎందుకు తప్పుతోందని ఆలోచించాను కూడా. వయసు వల్ల కీలు అరిగి పట్టు పోయిందేమో అని మార్జిన్లో రాశాను. అంత దూరం వెళ్లి అక్కడ ఆగిపోయాను. మా కొలువులో పరికరం తప్పు చూపిస్తే దాని పక్కన తప్పు అని గుర్తు పెడతాం. అక్క మోకాలి పక్కనా అదే పెట్టాను.

ఆ రోజుల్లోనే గ్రంథాలయం వాళ్లు నన్ను మాట్లాడమన్నారు. వాన మాటల్లో నిజమెంత అన్నది విషయం. ఒక అరవై మంది వచ్చారు. సగం మంది మా రంగుల వీధి వాళ్లే. అక్క మూడో వరసలో చివరి కుర్చీలో కూచుంది, కుడి కాలు నడవలోకి చాపుకుని. వరదగుడి గురించి, తూనీగల గురించి చెప్పాను. జనం బాగా విన్నారు. చప్పట్లు కొట్టారు. దాంతో ఊపు వచ్చింది.

"ఇక మనందరికీ తెలిసిన మోకాలు," అన్నాను. నవ్వులు. బోర్డు మీద డెబ్భై ఒకటి రాశాను, కింద తొమ్మిది రాశాను. "ఈ మోకాలిని అడిగేకన్నా నాణెం ఎగరేసి చూసుకోండి. బొమ్మ పడితే వాన, బొరుసు పడితే ఎండ. ఇంతకన్నా నయంగా చెబుతుంది!"

హాలు హాలంతా ఘొల్లుమంది. అక్క కూడా నవ్వింది. నేను చూశాను, నవ్వింది.

ఇంటికి నడిచి వెళుతున్నాం. అక్క రోజూ కన్నా మెల్లగా నడుస్తోంది. నేను ఇంకా నా చప్పట్ల మత్తులోనే ఉన్నాను.

"అంత తప్పు చెబుతోందట్రా?" అంది.

"నేనేం చెయ్యనక్కా, లెక్క అలా ఉంది."

"బావ పని కూడా పాడైంది పాపం, దీన్ని నమ్మి."

"అందుకే కదా చెప్పేది."

"సరేలే," అంది.

మర్నాటి నుంచి వీధిలో కేక మారింది. "మోకాలక్కా, బొమ్మా బొరుసా?" అని. అక్క కూడా నవ్వుతూనే ఏదో ఒకటి అనేది. నేను మాత్రం లెక్క మానలేదు. పొద్దున అంకెలు చదివి, అక్క ఇంటికి వెళ్లి, గుమ్మం దగ్గరే నిలబడి ఎప్పటిలాగే అడిగేవాణ్ని.

"ఏమంటోంది?"

"ఏమీ అనడం లేదురా."

మోకాలు దారిలో పడింది. ఎండ రోజున ఎండే అనేది. ఎప్పుడో ఒకసారి, "ఇవాళ కాస్త సలుపుతోంది, చూసుకో," అనేది. ఆ రోజు వాన వచ్చేది. నలభై ఒక్క రోజుల్లో తొమ్మిదిసార్లు వాన చెప్పింది, ఎనిమిదిసార్లు పడింది. మిగిలిన ముప్పై రెండు రోజులూ చుక్క పడలేదు. ఇరవై రెండేళ్లలో మా ఆఫీసు కూడా ఎన్నడూ అంత సరిగ్గా చెప్పలేదు. ఎర్ర సిరా అవసరం ఒక్కసారే పడింది. ఇంకో విశేషం, అక్కకు నా పని మీద శ్రద్ధ పుట్టింది. "పాదరసం ఎంత దిగిందిరా? తడిగుడ్డది ఎంత ఉంది?" అని ముందుగా తనే అడిగేది. నేను అంకెలు చెప్పేవాణ్ని, అర్థం కూడా విడమరిచేవాణ్ని. ఈ వయసులో అక్క నా దగ్గర పాఠం నేర్చుకుంటోందని మురిసిపోయాను.

నలభై రెండో రోజు పొద్దున నేను వెళ్లేసరికి అక్క పెరట్లో ఉంది. నీలం తొట్టెలోంచి తీసిన కట్టను గడకు తొడుగుతోంది. జారలేదు, దేన్నీ తన్నుకోలేదు. ఊరికే నిలబడి ఉంది. మోకాలికి కాస్త పైన, వంపు లేని చోట కాలు వంగింది. తడి నూలును మీదికి లాక్కుని కింద పడిపోయింది. బావ అరుపు విని పక్కింటి రంగులాయన గోడ దూకి వచ్చాడు.

ఆసుపత్రిలో ఎముకల డాక్టరు నడివయసావిడ. ఎక్స్‌రేని వెలుగుకు పెట్టి చాలాసేపు చూసింది. తొడ ఎముక చివర, మోకాలికి ఆనుకుని, లోపలంతా పుచ్చిన దుంపలా ఉంది. గడ్డ అంది, క్యాన్సర్ అంది. ఊపిరితిత్తుల ఫోటో కూడా తీయించింది. అక్కడ కూడా ఉంది.

"నొప్పి ఎప్పటి నుంచి?" అని అడిగింది.

బావ నా వంక చూశాడు. నా సంచిలో పుస్తకం ఉంది. తీసి ఇచ్చాను.

ఆవిడ మొదట అర్థం కాక అటూ ఇటూ తిప్పింది. నేను చెప్పాను, ఈ గడి వాన చెప్పిన రోజు, ఈ గడి వాన పడిన రోజు, ఎర్ర సున్నా అంటే తప్పు చెప్పిన రోజు అని. ఆవిడ వేలు ఎర్ర సున్నాల మీద మెల్లగా కిందికి జరిగింది. పేజీ తిప్పింది. మళ్లీ జరిగింది.

"వాన సంగతి నాకు తెలీదండీ. వాన చెప్పిందంటే మోకాలు నొప్పి పెట్టిందనే కదా?"

"అవును."

"మరి ఇవి తప్పులెలా అవుతాయి?" అంది. గొంతులో కోపం లేదు. నిజంగానే అడిగింది. "ఇక్కడ్నుంచి రోజూ నొప్పి ఉంది. వాన లేకపోయినా ఉంది. ఎవరికైనా నొప్పి ఎప్పుడు మొదలైందంటే నెల కూడా గుర్తుండదు. మీరు తేదీతో సహా రాసి పెట్టారు. ఈ ఎర్ర సున్నాలు మొదలైన పేజీలప్పుడే తీసుకొచ్చి ఉంటే కాలు తీసేసి మనిషిని దక్కించుకునేవాళ్లం."

బావ కుర్చీలో ముందుకు వంగి రెండు చేతుల్లో మొహం పెట్టుకున్నాడు. డాక్టరు ఇంకా పుస్తకమే చూస్తోంది.

"ఒక్కటి మాత్రం అర్థం కావడం లేదు. ఇంత గడ్డ ఉన్న నొప్పి ఇక్కడ ఉన్నట్టుండి ఎందుకు ఆగింది?" అని చివరి పేజీలు చూపించింది. నలభై ఒక్క రోజులు.

జవాబు అక్క దగ్గర ఉంది. వార్డులో కాలికి కట్టు వేసి పడుకోబెట్టారు. మంచం పక్కన కూచుని అడిగాను, ఆ రోజుల్లో నిజంగానే నొప్పి లేదా అని. అక్క పైకప్పుకు వేలాడే ఫ్యాను వంక చూస్తూ చెప్పింది.

"ఎందుకు లేదురా. ప్రాణం తోడేసేది. నిలబడితే ఒకటి, కూచుంటే ఇంకోటి."

"మరి లేదన్నావు కదక్కా!"

"నువ్వు తప్పు తప్పు అని ఎర్రగా రాసుకుంటుంటే సిగ్గేసేది. అందరూ నవ్వారు కూడానూ. మీ బావ పని చెడగొట్టాను. మోకాలు ఎలాగూ అబద్ధాలాడుతోంది, ఇక దాని మాట ఎందుకులే అనుకున్నాను. నువ్వు పాదరసం దిగిందన్న రోజున వాన అనేదాన్ని. లేదన్న రోజున లేదనేదాన్ని. సరిగ్గా చెప్పానా లేదా?"

"డాక్టరు దగ్గరికి వెళదామని ఒక్క మాట అనొచ్చు కదా."

"వాన నొప్పికి డాక్టరు దగ్గరికి ఎవరు వెళతార్రా?" అంది అక్క. నలభై ఏళ్లుగా ఆ నొప్పికి ఆమె ఎరిగిన అర్థం అదొక్కటే. అదొక్కటే అని లెక్క కట్టి మరీ నిరూపించింది నేను.

మంచం పట్టెకు తల ఆనించి ఏడ్చాను. వార్డులో అందరూ చూస్తున్నా ఆపుకోలేకపోయాను. అక్క నా జుట్టులోకి వేళ్లు పోనిచ్చి, "ఊరుకోరా, నీకేం తెలుసు," అంది. నాకు తెలుసు. నా పుస్తకంలో పేజీల కొద్దీ ఉంది. రెండేళ్లలో ఆ పుస్తకంలో నొప్పి అన్న మాట ఎక్కడా రాయలేదు. వాన, వాన లేదు, అంతే. ఏమంటోంది అని ఏడు వందల సార్లు అడిగి ఉంటాను. అడిగింది మోకాలిని. అక్కను కాదు.

చెయ్యగలిగింది పెద్దగా లేదన్నారు. ఇంటికి తీసుకొచ్చేశాం. ముందు గదిలో కిటికీ పక్కన మంచం వేశాం. బావ పొయ్యిలు ఆర్పేశాడు. వీధిలో ఇప్పుడు ఎవరూ కేకలు వేయడం లేదు. పొయ్యి వెలిగించాలో వద్దో ఎవరికి వాళ్లే ఆకాశం చూసి తేల్చుకుంటున్నారు. నొప్పికి మందు బిళ్లలిచ్చారు. ఎప్పుడు అడిగితే అప్పుడు ఇవ్వండి, ఓర్చుకోనివ్వకండి అని డాక్టరు మరీ మరీ చెప్పింది. అక్క అడగదు.

నిన్న పొద్దున అంకెలు చదివేసి నేరుగా వెళ్లాను. అక్క గోడ వైపు తిరిగి పడుకుని ఉంది. దుప్పటి అంచును పిడికిట్లో బిగించి పట్టుకుంది. వేలి కణుపులు తెల్లబడి ఉన్నాయి. అడుగుల చప్పుడు విని పిడికిలి వదిలేసి ఇటు తిరిగింది. పక్కన కూచున్నాను.

"అక్కా, నొప్పిగా ఉందా?"

అక్క దిండు మీద తల కాస్త ఎత్తి కిటికీలోంచి బయటికి చూసింది. ఎండ కాస్తోంది. ఎక్కడా మబ్బు తునక లేదు.

"లేదురా," అంది.